ఒకే కడలి... నాలుగు పంచాంగాలు!

కాకినాడ నుంచి ఉప్పాడ సుమారు పదిహేను కిలోమీటర్లు. ఆ కాస్త దూరంలోనే సముద్రం రెండు రకాలుగా కనిపిస్తుంది. కాకినాడ దగ్గర చెరువులా నిదానంగా ఉండే నీళ్లు, ఉప్పాడ చేరేసరికి రోడ్డెక్కి కొడుతుంటాయి. ఎందుకిలా? ఈ కెరటం ఎక్కడ పుట్టింది? దీన్ని ఆపాలంటే గోడ ఎంత ఎత్తు కట్టాలి? ఈ ప్రశ్నలతో బయల్దేరితే ఉప్పాడ ఇసుక నుంచి కోరింగ మడ అడవులకు, అక్కణ్నుంచి హైదరాబాద్‌కు, శ్రీహరికోటకు, చివరికి ఎక్కడో దక్షిణ ధ్రువం దగ్గరి తుపాను గాలుల దాకా వెళ్లాల్సి వస్తుంది!

కాకినాడ దాటి ఉప్పాడ బీచ్‌రోడ్డు ఎక్కితే కుడిచేతి వైపంతా సముద్రమే. రోడ్డుకూ నీళ్లకూ మధ్య పేర్చిన నల్ల రాళ్లు. మామూలు రోజుల్లో కెరటం రాళ్లను తాకి వెనక్కి పోతుంది. వాయుగుండం పట్టిందంటే మాత్రం రాళ్ల మీదుగా ఎగిరి రోడ్డు మీద పడుతుంది. అలాంటప్పుడు రాకపోకలు ఆపేస్తారు. ఊళ్లోకి వెళ్తే ఒక పక్క జమ్‌దానీ మగ్గాల చప్పుడు, ఇంకో పక్క కెరటాల చప్పుడు. ఉప్పాడ చీరకున్నంత పేరు ఉప్పాడ కోతకూ ఉంది.

ఊళ్లో పెద్దవాళ్లను 'పాత ఊరు ఎక్కడ' అనడిగితే చెయ్యి సముద్రం వైపు చూపిస్తారు. 'అదిగోనండీ, ఆ నురగ కనబడతంది చూడండి, అక్కడ మా పెదనాన్న గారి ఇల్లండి. దాని అవతల ఇంకో వీధి ఉండేదండి' అంటాడో పెద్దాయన, వల బాగుచేసుకుంటూనే. ఆయన చెబుతున్న చోట ఇప్పుడు పడవలు తిరుగుతున్నాయి. తుపాను వెలిశాక ఒడ్డున ఇసుకలో బంగారు రజను కోసం జనం వెతకడం కూడా ఇక్కడ మామూలే. 2020 నవంబరులో నివర్‌ తుపాను తర్వాత ఆ దృశ్యాలు టీవీల్లోనూ వచ్చాయి. మునిగిపోయిన ఇళ్లదీ గుళ్లదీ ఆ బంగారం అంటారు ఊరివాళ్లు.

కోతను ఆపడానికి రాళ్లు పోశారు. ఇసుక నింపిన పెద్ద పెద్ద జియో ట్యూబులు పరిచారు. కొన్నాళ్లు ఆగిన సముద్రం మళ్లీ వాటినీ చీల్చింది. మళ్లీ గోడ కట్టాలి. కట్టాలంటే ఇంజినీరు మొదట అడిగే ప్రశ్న ఒకటే: 'ఇక్కడ కెరటం ఎంత ఎత్తు వస్తుంది?'

చిన్న ప్రశ్నే. జవాబే చిన్నది కాదు.

దీవి వెనక దాక్కున్న ఊరు

ముందు కాకినాడ అదృష్టం సంగతి చూద్దాం. గోదావరి మోసుకొచ్చిన ఇసుక నదీముఖం నుంచి ఉత్తరంగా ఒక పొడవాటి నాలుకలా పేరుకుంది. అదే హోప్‌ ఐలాండ్‌. పొడవు సుమారు పదహారు కిలోమీటర్లు. వెడల్పు మాత్రం బహు తక్కువ. దక్షిణం నుంచి వచ్చే కెరటాలు ముందుగా దీన్నే ఢీకొంటాయి. అందుకే దాని వెనకున్న కాకినాడ అఖాతం అంత ప్రశాంతంగా ఉంటుంది. ఆ చాటు అయిపోయిన చోట ఉప్పాడ ఉంది. అక్కడ కెరటానికి అడ్డేమీ లేదు.

ఇంకో సంగతి. నైరుతి రుతుపవన కాలంలో మన తీరానికి కెరటాలు దక్షిణం వైపు నుంచి ఏటవాలుగా వస్తాయి. వస్తూ వస్తూ ఒడ్డు వెంబడి ఇసుకను ఉత్తరానికి నెట్టుకుపోతాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈశాన్య గాలులు కొంత ఇసుకను తిరిగి దక్షిణానికి తెస్తాయి. జమా ఖర్చు చూస్తే మాత్రం ఏటా ఉత్తరానికి పోయేదే ఎక్కువ. దారిలో ఏ దీవో, రేవు గోడో, తవ్విన ఓడల కాలువో ఆ ఇసుకను పట్టేసుకుంటే దానికి ఉత్తరాన ఉన్న ఊరికి రావాల్సింది రాదు. పోయేది పోతూనే ఉంటుంది. విశాఖ ఆర్కే బీచ్‌కు రేవు దగ్గర తవ్వితీసిన ఇసుకను డ్రెడ్జర్‌తో తెచ్చి పోయడానికి కారణమూ ఇదే.

ఒకప్పుడు ఈ ప్రాంతంలో అసలైన రేవు కాకినాడ కాదు, కోరింగ. ఇప్పుడు మడ అడవుల మధ్య చెక్క వంతెన మీద నడవడానికి వెళ్తామే, ఆ కోరింగే. 1789 డిసెంబరులో మూడు పెద్ద కెరటాలు ఒకదాని వెనక ఒకటి వచ్చి ఊరిని ముంచేశాయి. 1839 నవంబరులో వచ్చిన తుపాను మరోసారి దెబ్బకొట్టింది. ఆ రోజుల్లో కలకత్తాలో హెన్రీ పిడింగ్టన్‌ అనే మాజీ నావికుడు ఉండేవాడు. తుపానులో చిక్కుకుని బయటపడ్డ ఓడల దినచర్య పుస్తకాలు తెప్పించుకుని, ఏ గంటకు ఏ ఓడ మీద గాలి ఎటు నుంచి వీచిందో రాసి, అవన్నీ ఒక పటం మీద పెట్టేవాడు. అలా చూస్తే గాలి చుట్టచుట్టుకున్న పాములా కనిపించింది. 1848లో ఆయన పెట్టిన పేరే 'సైక్లోన్‌'!

పిడింగ్టన్‌ చేసిన పనేమిటి? గడిచిపోయిన గాలిని, దొరికిన సాక్ష్యాలతో మళ్లీ కాగితం మీద వీయించడం. నేటి శాస్త్రవేత్తలు కంప్యూటర్‌లో చేస్తున్నదీ సరిగ్గా అదే. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు పునర్విశ్లేషణ.

పోయిన గాలికి లెక్క

ఉప్పాడ గోడ కట్టాలంటే నిన్నటి కెరటం తెలిస్తే చాలదు. నలభై యాభై ఏళ్ల లెక్క ఉంటేనే నూరేళ్లకోసారి వచ్చే కెరటాన్ని అంచనా కట్టగలరు. యాభై ఏళ్లుగా ఉప్పాడ ముందు కూర్చుని కెరటాలు కొలిచినవాళ్లెవరు? ఎవరూ లేరు. లంగరేసిన బోయాలతో సముద్రాన్ని కొలిచే జాతీయ కార్యక్రమం మన దేశంలో 1996లో మొదలైంది. వేల కిలోమీటర్ల తీరానికి ఆ బోయాలు ఎన్నని సరిపోతాయి?

అందుకని ఇంకో దారి పట్టారు. పాత ఓడల రాతలు, ఊళ్లలోని వాతావరణ కేంద్రాల కొలతలు, బెలూన్లు, విమానాలు, ఉపగ్రహాలు... గత కాలపు సాక్ష్యాలన్నీ పోగేసి, వాటిని ఈనాటి వాతావరణ నమూనా ఒక్కదానికే ఇస్తారు. అది గంట గంటకూ ముందుకు లెక్క కడుతూ, సాక్ష్యం దొరికిన ప్రతిచోటా తనను తాను దిద్దుకుంటూ పోతుంది. సాక్ష్యం లేని చోట భౌతికశాస్త్ర సూత్రాలతో పూరిస్తుంది. చివరికి మీరు పుట్టిన రోజున తెల్లవారుజామున బంగాళాఖాతం నడిమధ్య గాలి ఎటు వీచిందో కూడా చెబుతుంది!

ఇలా చేయాలని 1988లోనే సూచించిన వారిలో మన దేశస్థుడు ఉన్నాడు. ఉత్తరప్రదేశ్‌లోని బలియా జిల్లాలో పుట్టిన జగదీశ్‌ శుక్లా, స్వీడన్‌ శాస్త్రవేత్త లెనార్ట్‌ బెంగ్ట్‌సన్‌తో కలిసి ఆ ఆలోచనను ప్రచురించాడు.

ఏ పంచాంగం నమ్మాలి?

మన ఇళ్లలో ఏటా ఉండే గొడవే. పండగ ఇవాళా, రేపా? ఒక పంచాంగం ఒకటంటుంది, ఇంకొకటి ఇంకోటంటుంది. చంద్రుడు ఒక్కడే, లెక్కలే వేరు. సముద్రం గాలి దగ్గరా అంతే!

యూరప్‌ వాతావరణ కేంద్రం తయారుచేసిన ఈఆర్‌ఏ5 ఒక పంచాంగం. 1940 నుంచి గంట గంటకూ లెక్క ఇస్తుంది. గాలినీ కెరటాన్నీ కలిపే కడుతుంది. ఇంగ్లండ్‌లోని రెడింగ్‌ ఆ కేంద్రానికి ప్రధాన స్థానం. కంప్యూటర్లు ఇప్పుడు ఇటలీలోని బొలోన్యాలో ఉన్నాయి. అమెరికా వాళ్ల సీఎఫ్‌ఎస్‌ఆర్‌ రెండోది, 1979 నుంచి మొదలు. అమెరికాకే చెందిన నాసా వాళ్లది మెర్రా-2, 1980 నుంచి. జపాన్‌ది జేఆర్‌ఏ-55, 1958 నుంచి. దాని పని ముగిసి ఇప్పుడు జేఆర్‌ఏ-3క్యూ వచ్చింది. మన వాళ్లూ ఊరుకోలేదు. నోయిడాలోని వాతావరణ కేంద్రం, భారత వాతావరణ శాఖ బ్రిటన్‌ వాళ్లతో కలిసి భారత రుతుపవనాల కోసం 12 కిలోమీటర్ల గడులతో ప్రత్యేకంగా ఒకటి తయారుచేశాయి.

గడులంటే? భూగోళం మీద గళ్ల చీర పరిచినట్టు ఊహించుకోండి. ఒక్కో గడికి ఒక్కటే గాలి. 1996లో అమెరికా వాళ్లు విడుదల చేసిన తొలి తరం లెక్కలో ఒక గడి 200 కిలోమీటర్ల పైమాటే. అంటే కాకినాడా విశాఖా ఒకే గడిలో పడిపోవచ్చు. ఈఆర్‌ఏ5కి అది 31 కిలోమీటర్లు. బాగా మెరుగే. అయినా కాకినాడకూ ఉప్పాడకూ మధ్య దూరం అందులో సగమే! కెరటాల గడి ఇంకా పెద్దది, 40 కిలోమీటర్లకు తగ్గదు. సన్నటి హోప్‌ ఐలాండ్‌ దాని కంటికి ఆననే ఆనదు. కాకినాడ ప్రశాంతం, ఉప్పాడ ఉగ్రం... ఆ పంచాంగంలో రెండింటి జాతకమూ ఒకటే!

అందుకే ఇంజినీర్లు పెద్ద లెక్కను నేరుగా వాడరు. నడిసముద్రం కెరటాన్ని దాన్నుంచి తీసుకుని, ఒడ్డుకు దగ్గరయ్యేకొద్దీ చిన్న చిన్న గడులున్న మరో నమూనాలోకి పంపిస్తారు. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌ విశ్వవిద్యాలయం రూపొందించిన 'స్వాన్‌' అలాంటిదే. దీవులు, తిప్పలు, లోతులు అన్నీ అందులో పెడతారు. పెద్ద నమూనా వంట సరుకు ఇస్తే చిన్న నమూనా వంట చేస్తుందన్న మాట. సరుకే పుచ్చిపోతే వంట ఏం బాగుంటుంది?

పదోవంతు తప్పు... ఇంతింతై

'గాలిలో కాస్త తేడా వస్తే ఏమైంది' అనిపించవచ్చు. ఇక్కడే ఉంది కిటుకు. గాలి ఎక్కువ దూరం, ఎక్కువసేపు వీచి కెరటం పూర్తిగా ఎదిగితే, దాని ఎత్తు గాలి వేగం వర్గానికి అనుగుణంగా పెరుగుతుంది. అంటే గాలి లెక్కలో పది శాతం తేడా వస్తే కెరటం ఎత్తులో సుమారు ఇరవై శాతం తేడా. అక్కడితో ఆగదు. ఒడ్డు వెంబడి కెరటం నెట్టే ఇసుక, కెరటం ఎత్తు కంటే ఇంకా వేగంగా పెరుగుతుంది. ఇంజినీర్లు మామూలుగా వాడే సూత్రంతో చూస్తే ఆ ఇరవై శాతం కాస్తా ఇసుక దగ్గరికి వచ్చేసరికి అరవై శాతం అవుతుంది!

పంచాంగం గాలిని తక్కువ చూపిస్తే గోడ పొట్టిదవుతుంది, తొలి పెద్ద తుపానుకే కూలుతుంది. ఎక్కువ చూపిస్తే అక్కర్లేని రాయికి కోట్లు పోయాలి, లేదా కదలక్కర్లేని వీధిని కదిలించాలి. ఎక్కడో విదేశీ కంప్యూటర్‌లోని చిన్న అంకె, ఉప్పాడలో ఒక ఇంటి పునాది దాకా వస్తుందన్న మాట.

పరీక్ష పెట్టేదెవరు?

హైదరాబాద్‌ నిజాంపేట దగ్గరి ప్రగతినగర్‌లో సముద్రం లేదు. సముద్రం ఆఫీసు మాత్రం ఉంది! 1999లో ఏర్పడిన ఇన్‌కాయిస్‌, అంటే భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం. చేపలు ఎక్కువగా దొరికే చోట్లు, రాబోయే రోజుల్లో కెరటాల ఎత్తు, సునామీ హెచ్చరికలు... అన్నీ ఇక్కణ్నుంచే. విశాఖతో సహా మన తీరంలో కొన్ని చోట్ల ఇది కెరటాలు కొలిచే బోయాలను లంగరేసింది. చూడ్డానికి పెద్ద పసుపు బంతిలా ఉంటుందిది. కెరటం మీద లేస్తూ పడుతూ తన కదలికను తానే కొలుచుకుని ఒడ్డుకు కబురు పంపిస్తుంది.

పంచాంగాలకు పరీక్ష పెట్టేది ఇలాంటి బోయాలే. అదే చోటు, అదే గంట. బోయా ఏమంది, పంచాంగం ఏమంది? వేల గంటల జతలు పక్కపక్కన పెట్టి చూస్తారు. సగటున ఎక్కువ చెబుతోందా తక్కువ చెబుతోందా? లేచినప్పుడు లేచి, తగ్గినప్పుడు తగ్గుతోందా? పెద్ద గాలి రోజున ఏమవుతోంది? మూడూ వేర్వేరు ప్రశ్నలు. సగటులో మొదటి ర్యాంకు వచ్చింది తుపాను రోజున తప్పొచ్చు.

మరో మెలిక ఉంది. ఈఆర్‌ఏ5 తయారీలో ఉపగ్రహాలు కొలిచిన కెరటాల ఎత్తును కూడా వాడుకున్నారు. మళ్లీ అదే ఉపగ్రహంతో దాన్ని పరీక్షిస్తే? ప్రశ్నపత్రం ముందే చూసిన విద్యార్థికి మార్కులు వేసినట్టే! బోయాలు కొలిచిన కెరటాలు అందులో కలపలేదు. కాబట్టి అవే నిఖార్సైన పరీక్షాధికారులు.

ఉపగ్రహాల మాటొచ్చింది కాబట్టి శ్రీహరికోటను తలచుకోవాల్సిందే. 2009 సెప్టెంబరులో అక్కణ్నుంచి ఎగిరిన ఓషన్‌శాట్‌-2 నీటి మీద గాలి లేపే చిన్న ముడతలను రాడార్‌తో చూసి గాలి వేగాన్నీ దిశనూ చెప్పింది. 2013 ఫిబ్రవరిలో ఫ్రాన్స్‌తో కలిసి పంపిన సరళ్‌ కెరటాల ఎత్తు కొలిచింది. 2016లో స్కాట్‌శాట్‌-1, 2022లో ఓషన్‌శాట్‌-3 ఆ వరసలోవే. మన తీరం నుంచి లేచినవి ప్రపంచ సముద్రాలన్నిటి గాలినీ చూశాయి.

ఉపగ్రహాలు పెరిగేకొద్దీ ఒక కొత్త చిక్కూ వచ్చింది. ఏదైనా పంచాంగంలో ఫలానా ఏడాది నుంచి గాలి హఠాత్తుగా పెరిగినట్టు కనిపిస్తే... నిజంగా గాలి పెరిగిందా, చూసే కళ్లు పెరిగాయా? ఇది తేల్చకుండా 'కెరటాలు ఏటేటా పెద్దవవుతున్నాయి' అనేస్తే పొరపాటే.

వారం రోజుల బాటసారి

'గాలి లేదు కదా అని సముద్రం ఊరుకోదండి. ఒక్కోసారి ఆకు కూడా కదలదు, కెరటం మాత్రం బారుగా వచ్చి కొట్టుద్ది' అన్నాడు ఉప్పాడ పెద్దాయన. నిజమే. ఆ కెరటం ఇక్కడి గాలిది కాదు. భూమధ్యరేఖకు ఆవల, దక్షిణ మహాసముద్రంలో రేగిన తుపానుల సంతానం. పదహారు సెకన్లకొకటి చొప్పున వచ్చే అలాంటి బారు కెరటాల శక్తి గంటకు సుమారు 45 కిలోమీటర్ల వేగంతో కదులుతుంది. అంటే రోజుకు వెయ్యి కిలోమీటర్లు. ఏడువేల కిలోమీటర్ల పైగా నడిచి మన తీరానికి రావడానికి వారం పడుతుంది. శ్రీలంక కొంత అడ్డుపడుతుంది కాబట్టి మనకు కాస్త తక్కువ. కేరళ తీరానికి ఆ అడ్డు లేదు. అక్కడి మత్స్యకారులు దీన్ని 'కళ్లక్కడల్‌' అంటారు, దొంగ సముద్రం అని. చెప్పాపెట్టకుండా వస్తుంది కదా! 2012లో యునెస్కో ఆ మాటను శాస్త్ర పరిభాషలోకి తీసుకుంది.

కాబట్టి ఉప్పాడ కెరటం లెక్క తేలాలంటే బంగాళాఖాతం గాలి ఒక్కటే సరిగ్గా ఉంటే చాలదు. ఓడలు పెద్దగా తిరగని దక్షిణ సముద్రపు గాలి కూడా సరిగ్గా ఉండాలి.

తుపాను కన్ను గడిలో ఇమడదు

2014 అక్టోబరు 12. విశాఖ మీద హుద్‌హుద్‌. గాలి గంటకు 180 కిలోమీటర్ల స్థాయిలో వీచింది. అంతటి గాలి తుపాను కంటి చుట్టూ కొన్ని పదుల కిలోమీటర్ల వలయంలోనే ఉంటుంది. 31 కిలోమీటర్ల గడికి ఒక్కటే గాలి అంటే, ఆ వలయం పక్కనున్న మెత్తటి గాలితో కలిసి సగటైపోతుంది. మిరపకాయను కుండెడు పులుసులో వేసినట్టు! అందుకే మామూలు రోజుల్లో బోయాలకు బాగా దగ్గరగా ఉండే ఈఆర్‌ఏ5 కూడా బలమైన తుపానుల్లో గాలిని తక్కువ చేసి చూపిస్తుంది. తుపాను కెరటాల కోసం శాస్త్రవేత్తలు దాని మధ్యలో మరో సూత్రంతో కట్టిన సుడిగాలిని అతికించి, బయటి గాలిని మాత్రం పంచాంగం నుంచి తీసుకుంటారు.

1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన ఎవరు మరచిపోగలరు? పదివేల మందికి పైగా ప్రాణాలు పోయాయి. మన తీరం చరిత్రలో అంతటి రోజు సీఎఫ్‌ఎస్‌ఆర్‌లో లేదు, మెర్రా-2లో లేదు. అవి మొదలైంది ఆ తర్వాత. 1979 నుంచి లెక్క చూసి 'ఇక్కడ ఇంతకు మించి కెరటం రాదు' అని ఎవరైనా తీర్మానిస్తే, దివిసీమ జరగనట్టే! ఈఆర్‌ఏ5లోనూ జపాన్‌ లెక్కలోనూ ఆ రోజు ఉంది. పైన చెప్పిన కారణం వల్ల ఆ గాలిని ఉన్నదున్నట్టు తీసుకోలేం, అంతే.

ఇంతకీ ఏది నమ్మాలి? పని చూసి పంచాంగం ఎంచుకోవాలి. ఏడాది పొడవునా ఇసుక లెక్కకు ఒకటి, తుపాను రోజుకు సుడిగాలి జత చేసినది ఒకటి. ఏదైనా ఒక్కదాని మాటే వేదం అనుకోకుండా రెండు మూడు పక్కపక్కన పెట్టి, వాటి మధ్య ఎంత తేడా ఉందో ఆ తేడాను కూడా గోడ ఎత్తులో కలుపుకోవాలి. అన్నిటికన్నా ముందు, ఎక్కడ కట్టబోతున్నామో అక్కడే కొన్నేళ్లపాటు ఒక పసుపు బంతిని తేలేయాలి. గోడకయ్యే ఖర్చు ముందు దాని ఖర్చు ఎంతని? పండగ ఎప్పుడో పంచాంగాలు తేల్చకపోతే, మనవాళ్లు చివరికి డాబా ఎక్కి చంద్రుణ్నే చూస్తారు కదా!

వెళ్లాలంటే...

చెన్నై-హౌరా ప్రధాన రైలు మార్గంలో సామర్లకోటలో దిగితే కాకినాడ దగ్గరే. విమానంలో అయితే రాజమహేంద్రవరం దాకా వచ్చి అక్కణ్నుంచి రోడ్డు మార్గాన చేరుకోవచ్చు. కాకినాడ నుంచి ఉప్పాడకు బస్సులు, ఆటోలు ఉంటాయి. కోరింగ మడ అడవులు కాకినాడకు దక్షిణాన యానాం దారిలో ఉన్నాయి. ఒకే రోజులో రెండూ చూడొచ్చు. ఉదయం కోరింగ, సాయంత్రం ఉప్పాడ అయితే ఎండ బాధ ఉండదు. ఏప్రిల్‌ 15 నుంచి జూన్‌ 14 దాకా వేట నిషేధం కాబట్టి అప్పుడు మరబోట్లన్నీ ఒడ్డునే కనిపిస్తాయి. వాయుగుండం హెచ్చరిక ఉన్న రోజున మాత్రం బీచ్‌రోడ్డు వైపు వెళ్లకండి. బయల్దేరే ముందు ఇన్‌కాయిస్‌ కెరటాల సూచన ఒకసారి చూసుకోండి. ఒడ్డుకెళ్లాక కెరటాల మధ్య సెకన్లు లెక్కపెట్టమని పిల్లలకు చెప్పండి. ఆరేడు సెకన్లకొకటి వస్తుంటే దగ్గరి గాలిది. పదిహేను దాటిందా... అది వారం కిందట బయల్దేరిన అతిథి!